అరగంట కార్టూన్ మీద ఇరవై ఏళ్ల వాదన

1999 డిసెంబరు నాటికి మేము ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరానికి వచ్చి ఏడాది దాటింది. 2000 సంవత్సరం రాకముందే కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై2కె పని పుణ్యమా అని అమెరికా చేరిన వేలాది తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. రెండు గదుల అపార్ట్‌మెంటులో, ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్న ఒక సహోద్యోగి వదిలివెళ్లిన పాత టీవీ ముందు, ఒక సాయంత్రం మా పెద్దమ్మాయి అన్నం పళ్లెం పట్టుకొని కూర్చొని, ఈ రోజు టీవీలో చార్లీ బ్రౌన్ వస్తాడనీ, తప్పకుండా చూడమని టీచర్ చెప్పిందనీ మాకు ప్రకటించింది. అప్పటికి దానికి అయిదేళ్లు. కార్టూన్ అంటే పిల్లీ ఎలుకా ఒకదాని వెంట ఒకటి పరుగెత్తడమే అనుకునే నేనూ మా ఆవిడా పక్కన కూర్చున్నాము. ఆ పూట మొదలైన వాదన మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు.

ఆ కార్టూన్ పేరు 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'. ప్రకటనలు తీసేస్తే ఇరవై అయిదు నిమిషాల పాటిది. మంచు కురుస్తూ ఉంటుంది, గడ్డకట్టిన చెరువు మీద పిల్లలు జారుతూ ఉంటారు, వెనక నుండి చిన్నపిల్లల గొంతులతో ఒక మెల్లని పాట వస్తూ ఉంటుంది. అంతలో గుండు తల పిల్లవాడు చార్లీ, తన స్నేహితుడు లైనస్‌తో కలిసి ఒక గోడ దగ్గర ఆగి, పండుగ వస్తున్నా తనకు సంతోషంగా లేదనీ, తనలోనే ఏదో లోపం ఉన్నదేమోననీ చెప్పుకుంటాడు. కథ మొదలై రెండు నిమిషాలైనా కాకముందే ఈ మాట. మా అమ్మాయి పళ్లెంలో చెయ్యి ఆపి, "ఆ అబ్బాయికి జ్వరమా నాన్నా?" అని అడిగింది. "పండుగ పూట పిల్లలకు చూపించేది ఇదా అండీ?" అని మా ఆవిడ నన్ను నిలదీసింది, ఆ కార్టూన్ నేనే తీసినట్టు.

తెలియని వారి కోసం మిగతా కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. తన పోస్టు డబ్బాలో ఒక్క శుభాకాంక్షల కార్డైనా లేని చార్లీ, అయిదు సెంట్లు పుచ్చుకొని మనోవైద్యం చేసే లూసీ అనే పిల్ల సలహా మీద, పిల్లల క్రిస్మస్ నాటకానికి దర్శకత్వం వహించడానికి ఒప్పుకుంటాడు. అక్కడ ఎవరూ అతని మాట వినరు. మెరిసే అల్యూమినియం క్రిస్మస్ చెట్టు తెమ్మని పంపితే, అక్కడున్న వాటన్నిటిలోకీ బక్కచిక్కిన ఒక చిన్న కర్ర చెట్టును ఎంచి తెస్తాడు. అందరూ నవ్వుతారు. అసలు క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని చార్లీ అరిస్తే, లైనస్ వేదిక మధ్యకు నడిచి వెళ్లి బైబిలులోని లూకా సువార్త రెండో అధ్యాయం నుండి ఏడు వచనాలు అప్పజెబుతాడు. చివరకు ఆ బక్క చెట్టే అలంకారంతో నిలబడుతుంది.

ఆ రాత్రి మా ముగ్గురి తీర్పు ఒక్కటే, నచ్చలేదు. చాలా నెమ్మదిగా ఉన్నదని అమ్మాయి, చాలా దిగులుగా ఉన్నదని మా ఆవిడ, బొమ్మలు ఎవరో తొందరలో గీసి వదిలేసినట్టు ఉన్నాయని నేను.

మరునాడు బట్టలు ఉతికే గదిలో కింది వాటా ఆవిడ కనిపిస్తే మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆవిడ నలభై దాటిన మనిషి, మా పేటలోని గ్రంథాలయంలో పని చేసేది. నేను ఏదో వాళ్ల ఇంటి పెద్దవారిని పేరు పెట్టి నిందించినట్టు నా వైపు చూసి, ఆరబెట్టే యంత్రంలో బట్టలు వేయడం మానేసి, 1965 డిసెంబరు 9వ తేదీ గురువారం రాత్రి తమ ఇంట్లో జరిగినదంతా చెప్పింది. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. ఆ వేళకు సిబిఎస్ అనే టీవీ సంస్థలో ప్రతివారం వచ్చే 'ది మన్‌స్టర్స్' అనే భూతాల కుటుంబం హాస్య ధారావాహిక అంటే ఆమెకు ప్రాణమట. అది రాదనీ, దాని బదులు ఏదో కొత్త కార్టూన్ వేస్తారనీ తెలిసి అలిగి సోఫా వెనక కూర్చున్నదట. నలుపు తెలుపు టీవీ కావడంతో చార్లీ చొక్కా ఏ రంగో ఆమెకు తరువాత ఎన్నో ఏళ్లకు గాని తెలియలేదట. వాళ్ల ఇంట్లో అప్పుడు ఉన్నది అల్యూమినియం చెట్టే. దాని కింద రంగురంగుల గాజు పలకల చక్రం ఒకటి తిరుగుతూ చెట్టు మీద వెలుగు వేస్తూ ఉండేదట. కార్టూన్ అయిపోయాక వాళ్ల నాన్న టీవీ కట్టేసి చెట్టు వైపు కాసేపు చూసి ఏమీ అనకుండా లేచి వెళ్లారనీ, రెండేళ్ల తరువాత ఆ చెట్టు పెట్టెతో సహా కిందిగదికి పోయిందనీ చెప్పింది. అయితే దానికి కారణం చార్లీ బ్రౌనో, చక్రంలో మోటారు కాలిపోవడమో తాను చెప్పలేనన్నది. ఆ చివరి మాట నాకు నచ్చింది. అల్యూమినియం చెట్ల వ్యాపారాన్ని దెబ్బతీసింది ఈ కార్టూనేనని చాలామంది అమెరికన్లు గట్టిగా నమ్ముతారు. ఆ చెట్ల మోజు అరవైల చివరికి తగ్గిపోయిన మాట నిజమే గాని, ఒక్క కార్టూన్ మీద అంత పుణ్యమో పాపమో వేయడానికి నాకు మనసొప్పదు.

ఆవిడ మాటలతో నాకు కుతూహలం పుట్టి గ్రంథాలయానికి వెళ్లి చదవడం మొదలుపెట్టాను. సరిగ్గా ఆ రోజులలోనే, 1999 డిసెంబరు 14న, ఈ పిల్లలను సృష్టించిన చార్లెస్ షుల్జ్ అనారోగ్యంతో విరమించుకుంటున్నట్టు ప్రకటించడం వలన పత్రికల నిండా ఆయన కబుర్లే. 1950 అక్టోబరు నుండి దాదాపు యాభై ఏళ్ల పాటు తన బొమ్మల కథను మరొకరి చేతికి ఇవ్వకుండా తానే గీసిన మనిషి ఆయన. ఫిబ్రవరి 12 రాత్రి కన్నుమూశారు. ఆయన చివరి ఆదివారపు బొమ్మల కథ ఆ మరునాడు ఉదయం పత్రికలలో వచ్చింది. ఆ ఆదివారం పత్రికను కింది వాటా ఆవిడ మడతపెట్టి దాచుకోవడం నేను చూశాను.

చదివిన కొద్దీ నాకు ఒక సంగతి విచిత్రంగా తోచింది. మా ముగ్గురికీ ఆ రాత్రి ఏవి నచ్చలేదో, ఇంచుమించు అలాంటివే 1965లో సిబిఎస్ అధికారులకూ నచ్చలేదు. కోకా-కోలా కంపెనీ సొమ్ముతో, ఆరు నెలల వ్యవధిలో, లీ మెండెల్సన్ నిర్మాతగా, బిల్ మెలెండెజ్ దర్శకుడిగా దీనిని తయారు చేశారు. ముందుగా చూసిన అధికారులు నడక మందంగా ఉన్నదన్నారు. పిల్లల గొంతులు తడబడుతున్నాయన్నారు. పిల్లల కార్టూన్‌కు జాజ్ సంగీతం ఏమిటన్నారు. ఆ రోజులలో చాలా హాస్య కార్యక్రమాలకు వెనక నుండి నవ్వులు కలిపేవారు. ఇందులో అవి లేవు, షుల్జ్ ససేమిరా వద్దన్నారు. తీసినవారికే ధైర్యం చాలలేదట, చార్లీ బ్రౌన్‌ను పాడుచేశామని మెండెల్సన్, మెలెండెజ్ బెంగపెట్టుకుంటే, బొమ్మలు గీసిన బృందంలోని ఎడ్ లెవిట్ ఒక్కడు మాత్రం ఇది నూరేళ్లు ఆడుతుందని చెప్పాడట. ప్రసారం తేదీ ముందే ఖరారైపోయింది కనుక వేశారు గాని, లేకపోతే ఏమయ్యేదో. ఆ రాత్రి అమెరికాలో నడుస్తున్న టీవీలలో దాదాపు సగం దీనినే చూపించాయి. ఆ వారం లెక్కలలో దీనికి పైన ఉన్నది 'బొనాంజా' అనే ధారావాహిక ఒక్కటే. తరువాత టీవీ రంగంలో పేరున్న ఎమ్మీ, పీబడీ పురస్కారాలు రెండూ వచ్చాయి.

అంటే, మెచ్చుకున్నవారు కొత్తగా కనిపెట్టిన గుణం ఏదీ లేదు. నెమ్మదితనం, దిగులు, తడబాటు, పొదుపు గీతలు, అధికారులూ మేమూ వంకలు పెట్టిన ఆ నాలుగింటినే జనం ఇష్టపడ్డారు. అప్పటి నుండి ఈ కార్టూన్ గురించి ఎవరు ఏమన్నా నేను ముందుగా గమనించేది ఇదే. తిట్టినా పొగిడినా వేలు పెట్టి చూపించేది ఒకే చోట.

తడబాటు సంగతి మరికాస్త చెప్పాలి. పెద్దవారు పిల్లల గొంతు అనుకరించడం వాడుకగా ఉన్న కాలంలో ఇందులో చాలావరకు నిజమైన పిల్లల చేతనే మాట్లాడించారు. చార్లీ చెల్లెలు శాలీకి గొంతు ఇచ్చిన క్యాథీ స్టైన్‌బర్గ్‌కు అప్పటికింకా చదవడం సరిగ్గా రాదు. ఒక్కొక్క ముక్కే చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించి, ఆ ముక్కలను అతికించారు. అందుకే శాలీ మాటలలో విరుపు పడకూడని చోట పడుతుంది. ఈ సంగతి తెలిసిన మరుసటి నెలలోనే మా తెలుగు సంఘం సంక్రాంతి వేడుకలో మా అమ్మాయి వేమన పద్యం చెప్పింది. "ఉప్పుకప్పురంబు నొక్క" అని ఊపిరి పీల్చుకొని, నా వైపు చూసి, "పోలిక నుండు" అని వదిలింది. మా ఆవిడ పెదవులు కదుపుతూ అందిస్తూనే ఉన్నది. పద్యం అర్థం దానికి తెలియదు, మేము నేర్పిన ముక్కలే అది. సభలో అందరూ ముచ్చటపడ్డారు. నాకు మాత్రం ఆ క్షణంలో శాలీ గుర్తుకు వచ్చి, ఆ కార్టూన్ మీద నా తీర్పులో మొదటి బీట పడింది.

2004లో మా నాన్నగారు తెనాలి నుండి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉన్నారు. ముప్ఫై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఇంగ్లీషు సినిమాలు ఆయనకు పడవు. ఆ డిసెంబరులో, అప్పటికి ఏబీసీ అనే మరో టీవీ సంస్థకు మారిన ఈ కార్టూన్‌ను మనవల మధ్య కూర్చొని చూసి, లైనస్ వచనాలు అప్పజెప్పే ఘట్టం రాగానే పడక్కుర్చీలో ముందుకు వంగారు. అయిపోయిన తరువాత, "కుర్రవాడు ఎక్కడా నటించలేదురా. పాఠం ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పి పక్కకు తప్పుకున్నాడు. అట్లాగే చెప్పాలి" అన్నారు. దేవుడి సంగతి ఆయన ఎత్తలేదు. ఆయన దృష్టి అంతా ఉచ్చారణ మీదే. బైబిలు వచనాలు టీవీలో పెట్టడానికి మెండెల్సన్, మెలెండెజ్ వెనకాడితే, మనం చేయకపోతే మరెవరు చేస్తారని షుల్జ్ అన్నారని నేను చెప్పబోతే, నాన్నగారు చెయ్యి అడ్డంగా ఊపారు. ఎవరు చేయాలన్నది కాదు, ఎట్లా చేశారన్నదే లెక్క అన్నారు.

అదే ఘట్టం గురించి నేను విన్న అభిప్రాయాలలో అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచినది, మా మిత్రుడి తల్లిగారిది. వారిది గుంటూరు, తాతల కాలం నుండి లూథరన్ సంఘంలో ఉన్న కుటుంబం. ఆవిడ ఒక క్రిస్మస్‌కు కొడుకు దగ్గరకు వచ్చి, మేము వారి ఇంటికి భోజనానికి వెళ్లిన రోజున, పిల్లలు ఆ కార్టూన్ పెట్టారు. ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కాని లైనస్ గొర్రెల కాపరులను గురించి ఎత్తుకోగానే ఆవిడ ఆ వచనాలను తెలుగులో తనలో తాను చెప్పుకోవడం మొదలుపెట్టారు, చిన్నప్పటి నుండి నోటికి వచ్చినవి కదా. దేవదూత మాట దగ్గరకు వచ్చేసరికి "భయపడకుడి" అని కాస్త పైకే అన్నారు. అని, టీవీ వైపు చెయ్యి చూపించి, "చూశారా బాబూ, ఆ మాటకు దుప్పటి వదిలేశాడు" అన్నారు. అయిదేళ్లుగా చూస్తున్న మాకు ఎవరికీ ఆ సంగతి కనబడలేదు. పగలూ రాత్రీ నీలి దుప్పటి ఒకటి పట్టుకొని తిరిగే పిల్లవాడు లైనస్. దానిని లాక్కుంటే కళ్లు తిరిగి పడిపోయే రకం. సరిగ్గా ఆ ఒక్క మాట పలుకుతూ ఉండగా అతని చేతిలో నుండి దుప్పటి జారిపోతుంది. ఎవరూ దానిని గురించి మాట్లాడరు, కెమెరా దగ్గరకు పోదు. మాటలు అయిపోయాక వంగి మళ్లీ తీసుకుంటాడు. ఇంటికి వచ్చి మా టేపు వేసి, వెనక్కి తిప్పి నాలుగు సార్లు చూశాను. ఇంగ్లీషు విని అర్థం చేసుకునే పనిలో మేము మునిగి ఉంటే, మాటల పని లేని ఆవిడ కళ్లకు బొమ్మ దొరికింది.

అందరూ ఇట్లా మెచ్చుకున్నారని అనుకోవద్దు. మా ఆఫీసులో యూదు కుటుంబానికి చెందిన ఒకాయన ఉండేవాడు. చిన్నతనంలో ఈ కార్టూన్ వచ్చినప్పుడల్లా, లైనస్ వేదిక ఎక్కేసరికి వాళ్ల నాన్న మంచినీళ్ల నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయేవారట, తిరిగి వచ్చేసరికి పాట మొదలయ్యేదట. వినేవారందరూ ఒకే ఇంటివారన్నట్టు మాట్లాడతాడు ఆ పిల్లవాడు, అదొక్కటే నాకు ఇబ్బంది అని ఆయన చెప్పాడు. మెండెల్సన్ కూడా యూదుడేనని నేను అంటే, తనకు తెలుసనీ, అందుకే దీనిని పూర్తిగా వదులుకోలేకపోతున్నాననీ నవ్వాడు. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయడం తేలిక, కాని పర మతస్థుల పండుగలో అతిథులుగా కూర్చున్న మా వంటివారికి అది అర్థం కాకపోదు.

మా బావమరిది వాదన వేరు. వాడు దీనిని చూసినప్పుడల్లా ఎగతాళి చేస్తాడు. పండుగ అంతా వ్యాపారమైపోయిందని వాపోయే కథను శీతల పానీయాల కంపెనీ డబ్బుతో తీసి, మధ్యమధ్య ప్రకటనలు వేసి అమ్మడం కంటే పెద్ద వ్యాపారం ఉంటుందా బావా అంటాడు. వాడికి బలం చేకూర్చే ఆధారం కూడా ఉన్నది. మొదటి ప్రసారంలో, మంచు మీద చార్లీ పెంపుడు కుక్క స్నూపీ విసిరేస్తే లైనస్ పోయి పడింది కోకా-కోలా బోర్డు మీదేనట. తరువాతి ప్రసారాలలో ఆ బోర్డు లేదు. అంతేకాదు, శాలీ తన అన్న చేత శాంటాకు ఉత్తరం రాయిస్తూ, బహుమతులు కష్టమైతే పది, ఇరవై డాలర్ల నోట్లు పంపినా చాలునని చెప్పే చోట, మా ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేది వాడే.

మా ఆవిడ అభ్యంతరం మాత్రం ఈనాటికీ మారలేదు. అందరూ కలిసి ఒక్క పిల్లవాడిని మొద్దు అంటారు, ముఖం మీద నవ్వుతారు, అడిగే పెద్దదిక్కు లేదు. షుల్జ్ ప్రపంచంలో పెద్దవారు కనిపించరని నేను సర్దిచెప్పబోతే, కనిపించకపోతే కనిపించేట్టు గీయాల్సింది అంటుంది. 'ఆ లూసీ మన ఇంటి పిల్ల అయితే...' అని మొదలుపెట్టి, ఏమి చేసేదో చెప్పకుండా ఆపేస్తుంది. మా అమ్మాయిని మూడో తరగతిలో కొందరు పిల్లలు ఏడిపించిన సంవత్సరం తను దీనిని చూడనే లేదు. ఆ సంగతిలో నేను వాదించను.

ఇన్ని భిన్నాభిప్రాయాల మధ్య ఎవరూ వంక పెట్టనిది సంగీతం ఒక్కటే. విన్స్ గ్వరాల్డి పియానో. ఒక రోజు టాక్సీలో గోల్డెన్ గేట్ వంతెన దాటుతూ రేడియోలో ఆయన బాణీ ఒకటి విన్న మెండెల్సన్ ఆయనను వెతికి పట్టుకున్నారు. చెరువు దగ్గర వచ్చే ఆ మెల్లని పాటకు మొదట మాటలు లేవు. రాసే కవి దొరకక మెండెల్సనే ఒక కవరు వెనక పావుగంటలో రాసేశారట. పాడినది కాలిఫోర్నియాలోని శాన్ రఫాయెల్ పట్టణపు చర్చి పిల్లలు. అక్కడక్కడ శ్రుతి తప్పుతుంది, దానిని సరిచేయలేదు. మా ఆవిడ కూడా డిసెంబరులో వంట చేస్తూ ఆ పాట కూనిరాగం తీస్తుంది, కార్టూన్ వద్దు గాని పాట కావాలట.

2000తో సిబిఎస్ ప్రసారాలు ముగిశాయి. ఆ చివరి ఏడాది ప్రసారాన్ని నేను వీసీఆర్‌లో రికార్డు చేశాను. ఇందాక చెప్పిన టేపు అదే. తరువాత కొన్న డీవీడీలో, పిల్లలు గోడ మీద డబ్బా పెట్టి మంచు ఉండలతో కొట్టే ముక్క కనిపిస్తే మా అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. టేపులో ఆ ముక్క లేదు. ప్రకటనలకు చోటు కోసం కత్తిరించేశారన్నమాట. 2020లో హక్కులు ఆపిల్ టీవీ ప్లస్‌కు వెళ్లినప్పుడు, యాభై అయిదేళ్లుగా ఉచితంగా ఇంటింటికీ వచ్చినదానిని డబ్బు కట్టించుకొని చూపిస్తారా అని జనం కోప్పడ్డారు. గొడవ తరువాత ఆ డిసెంబరులో పిబిఎస్ అనే ఉచిత చానల్‌లో ఒక రాత్రి వేశారు. కింది వాటా ఆవిడ అప్పటికి ఫ్లోరిడా వెళ్లిపోయింది. ఫోన్ చేసి, 'నీ దగ్గర టేపు ఉన్నది కదా, భద్రం' అన్నది. టేపు ఉన్నది గాని దానిని ఆడించే యంత్రం పోయి పదేళ్లయింది.

మా అబ్బాయి గురించి చెప్పలేదు. వాడు 2001లో పుట్టాడు, యానిమేషన్‌లో డిగ్రీ చదివాడు. ఈ కార్టూన్ వాడికి చిన్నప్పటి నుండి నచ్చదు, ఇప్పుడూ నచ్చదు. విసుగు అంటాడు. కాని ఇంట్లో దీనిని వాడు చూసినంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. పిల్లలందరూ బక్క చెట్టు చుట్టూ మూగి చేతులు ఊపి పక్కకు జరిగేసరికి అది గుబురు చెట్టైపోవడం వాడికి అసలు మింగుడు పడదు. స్నూపీ గుడిసె మీది దీపాలు తెచ్చి పెట్టారు సరే, కొమ్మలు ఎక్కడి నుండి తెచ్చారంటాడు. మొన్నటి డిసెంబరులో సియాటిల్ నుండి అమ్మాయి, ఇక్కడ నుండి మేము, వీడియో కాల్ పెట్టుకొని ఎవరి తెర మీద వారు ఒకేసారి నొక్కి చూశాము. నెమ్మదిగా ఉన్నదని అయిదేళ్లప్పుడు తీర్పు చెప్పిన అమ్మాయి ఈసారి ఏమీ అనలేదు. చెట్టు దగ్గరకు వచ్చేసరికి అబ్బాయి, "ఆపండి, అందరూ ఆపండి. నాన్నా, లైనస్ దుప్పటి చుట్టకముందు ఎన్ని కొమ్మలున్నాయో లెక్కపెట్టు" అన్నాడు. నేను కళ్లజోడు సవరించుకొని తెర దగ్గరకు వంగాను. నాకు ఏడు వచ్చాయి, అమ్మాయికి తొమ్మిది. మా ఆవిడ వంటింట్లో నుండి వచ్చి, చేతి తడి చీరకు తుడుచుకుంటూ, మళ్లీ మొదటి నుండి పెట్టమన్నది.